పచ్చి గోడ

ఆ సోమవారం నేను చేయాల్సిన పనులు ఇవి.

చిన్న తలలకు సరిపోయే హెల్మెట్లు తెప్పించాలి. ఇప్పుడున్నవి పిల్లల కళ్ళ మీదికి జారిపోతున్నాయి.

ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపుకు లోపలివైపు గడియ పెట్టించాలి. బయటివైపు మాత్రమే పెట్టి వెళ్ళిపోయిన వడ్రంగి మామయ్యను, అది బాత్‌రూమా జైలా అని మర్యాదగా అడగాలి.

భోజనాల షెడ్డులో ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి బోర్డు బిగించాలి.

పని మానేసిన పిల్లలకు ఫోన్ చేసి ఎందుకు మానేశారో కనుక్కోవాలి.

ఎవర్నీ గాడిదా అని పిలవకూడదని నాన్నకు చెప్పాలి.

చివరిది అన్నిటికన్నా కష్టం కాబట్టి చివర రాసుకున్నాను.

మా నాన్న తాపీ మేస్త్రి. ఆయన తండ్రీ అంతే. మోకాళ్ళు మొరాయించేదాకా అమ్మ అదే ముఠాలో సిమెంటు, ఇసుక మాలు కలిపింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. నాన్న పనిచేసే కాంట్రాక్టరు దగ్గరే నాకు ఉద్యోగం దొరికింది. కుర్రకారును ఇళ్ళు కట్టే పనుల్లోకి తీసుకురావడం, వచ్చినవాళ్ళు పారిపోకుండా చూడడం నా పని. వీధిలో ఎవరైనా అడిగితే నాన్న "మా అమ్మాయి ఆఫీసులో" అని గర్వంగా చెబుతాడు. ఆఫీసులో ఏం చేస్తుందని అడిగితే మాత్రం "కోడిపిల్లల్ని గంప కింద కప్పెడుతుంది" అంటాడు.

ఉద్యోగంలో చేరినరోజే కాంట్రాక్టరు గారు విషయం తేల్చి చెప్పారు. ఆయన మంచివాడే, ఓపిక తక్కువ.

"మీ నాన్న ముఠాలో అందరికీ నెత్తి నెరిసిపోయిందమ్మా. ఈ బడి కట్టడం అయ్యేలోపు ఆ ముఠాలో పని పట్టుకునే కుర్రవాళ్ళు కనబడాలి. లేకపోతే తర్వాతి బిల్డింగుకు ఫ్యాక్టరీలో పోసిన గోడలు తెప్పిస్తాను. లారీలో వస్తాయి, క్రేనుతో నిలబెట్టుకోవడమే. నాకూ మనసొప్పదు, కానీ ముసలివాళ్ళను సారువ కర్రల మీదికి ఎక్కించి ఎన్నాళ్ళు భయపడుతూ కూర్చోను?"

ఆ మాట ఇంటికొచ్చి చెబితే నాన్న నవ్వాడు.

"గోడ లారీలో రావడమేంటే, అదేమన్నా పెళ్ళికూతురా?"

నవ్వాడుగానీ, ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు. ముఠా చెదిరిపోతే ఆయన చేతికి ఇంకో పని లేదు. తాపీ పట్టని రోజు ఆయన వేళ్ళు ఊరికే ఒళ్ళో కదులుతుంటాయి.

పిల్లలైతే వచ్చారు. ఐటీఐ మధ్యలో మానేసినవాళ్ళు, కొట్లలో నిలబడి కాళ్ళు వాచినవాళ్ళు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు. వాళ్ళకోసం నేను చేయగలిగినదంతా చేశాను. చేతి తొడుగులు, నీడ, మంచినీళ్ళు, వారానికో సెలవు, సమయానికి జీతం. నాన్న సారువ మీదినుంచి చూసి, "మగపెళ్ళివారికి కూడా ఇంత మర్యాద జరగదే" అనేవాడు. అయినా కొన్నాళ్ళకు ఒక్కొక్కరే వెళ్ళిపోయేవారు. చేతకానివాళ్ళు వెళితే సరేననుకోవచ్చు. మంచి చెయ్యి ఉన్నవాళ్ళే వెళ్ళిపోతున్నారు.

అందరికన్నా ముందు పోయినవాణ్ణి పొడుగోడు అనేవాళ్ళం. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. ఏ గోడ దగ్గర నిలబడినా దాని అంచును బొటనవేలితో పైనుంచి కిందికి తడిమి చూసే అలవాటు వాడికి. ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు కలిసి మానేశారు. మగపిల్లల్లో మిగిలినవాడు నిద్రమొహం. వాడు మాలు గమేళాకు ఆనుకుని కూడా కునుకు తీయగలడు. నిద్రమొహానికి మా పని మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఆ సోమవారం ఫోన్లు చేశాను. పొడుగోడి నంబరు పనిచేయలేదు. అన్నాదమ్ముల్లో పెద్దవాడు దొరికాడు.

"నీళ్ళ ఇబ్బందా? జీతమా? చెప్పు తమ్ముడూ, సరిచేస్తాను."

"అవేం కావు మేడమ్. నాకు ఈ పని రాదంతే."

"ఎవరన్నారు రాదని?"

"ఎవరూ అనలేదు. మేస్త్రి నా గోడ కూల్చేశారు. పొడుగన్నదీ కూల్చారు. ఇంక అనేదేముంది?"

ఇది నాకు కొత్త సంగతి కాదు. మాలు ఆరకముందు గోడను పచ్చి గోడ అంటారు. కొత్తవాళ్ళు మొదటిసారి సొంతంగా ఒక గోడ ఎత్తాక, అది పచ్చిగా ఉండగానే నాన్న వచ్చి చూస్తాడు. ఒక్కోసారి ఏమీ అనకుండా పై వరసలను అరచేత్తో నెట్టి పడేసి, తన దారిన తాను పోతాడు. వాళ్ళు ఇటుకలు కడుక్కుని మళ్ళీ పేర్చుకోవాలి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి, గోడ బాగా రాకపోతే కూలుస్తారని నేనూ అనుకునేదాన్ని.

అప్పటికి మా ఆశంతా ఒక అమ్మాయి మీద ఉంది. బట్టల కొట్టులో మడతలు పెట్టే పని వదిలేసి వచ్చింది. వచ్చినరోజే తనంత ఉన్న గమేళా నెత్తికెత్తుకుంటే నాన్న చూసి, "చీమంత లేదు, బెల్లం దిమ్మ మోస్తోంది" అన్నాడు. ఆనాటినుంచి ఆమె పేరు చీమ. పదిమంది విప్పి చూసి పడేసిన బట్టను రెండు చేతులతో విదిల్చి, అంచుకు అంచు కలిపి మడతపెట్టిన కళ్ళు ఆమెవి. ఇటుక వరసలో వెంట్రుకవాసి తేడా ఉన్నా దూరంనుంచే కనిపెట్టేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మేస్త్రీ, మీరు తాపీ ఇటుక మీద ఎందుకు కొడతారు?"

"సర్దుకోవడానికి."

"ఒకసారి కొడితే సర్దుకోదా? మీరు మూడుసార్లు కొడుతున్నారు."

"రెండు ఇటుకకి. మూడోది నీ నోటికి."

ముఠా అంతా నవ్వేవారు. నాన్న కూడా మీసాల్లో నవ్వుకునేవాడు. చీమ రాని పూట ఆయన పని నెమ్మదించేది. మోకాలి నొప్పి అనేవాడు.

ఆ వారంలోనే చీమ తన మొదటి గోడ కట్టింది. రెండో అంతస్తులో, వరండా వైపు, కిటికీ ఉన్న గోడ. కట్టినంతసేపూ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తూకం గుండు, అంటే దారానికి వేలాడే ఇనుప గుండు, దాన్ని వదిలి చూసుకుంటూ, రసమట్టం పెట్టి చూసుకుంటూ ఎత్తుకొచ్చింది. పూర్తయ్యాక నన్ను ఆఫీసులోంచి పిలిచింది.

"అక్కా, ఫోటో తియ్యి. మా అమ్మమ్మకు చూపించాలి. గోడ ఒక్కటే కాదు, నేను కూడా పడాలి."

ఫోటో తీస్తుండగానే నాన్న వచ్చాడు. గోడను కుడివైపునుంచి చూశాడు, ఎడమవైపునుంచి చూశాడు. ఒక కన్ను మూసి కింద కూర్చుని చూశాడు. కిటికీ పక్కన వేలు పెట్టి ఆగాడు. తర్వాత లేచి, అరచెయ్యి ఆనించి, కిటికీ పక్కనుంచి పైదాకా ఉన్న వరసలను నెట్టేశాడు. ఇటుకలు వరండాలోకి దబదబా రాలాయి. ఆయన చెయ్యి తుండుకు తుడుచుకుని మెట్లు దిగిపోయాడు.

చీమ ఒక్క మాట అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను చూడడం అదే మొదలు. తాపీ కడిగింది, ఆరబెట్టింది, సామాన్ల గదిలో దాని చోట దాన్ని పెట్టింది. హెల్మెట్ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. నేను ఫోన్ చేస్తే, "బట్టల కొట్టులో మళ్ళీ రమ్మంటున్నారక్కా. అక్కడ ఏసీ ఉంటుంది. నేను మడతపెట్టింది ఎవరూ నా ముందే విప్పి పడెయ్యరు. ఆదివారందాకా చూసి చేరిపోతాను" అంది.

ఆ సాయంత్రం నాన్నా నేనూ భోజనానికి కూర్చున్నాం. చీమ వెళ్ళిపోతే ముఠాలో నిద్రమొహం ఒక్కడే కుర్రవాడు. వాడిని చూపించి కాంట్రాక్టరు గారిని ఒప్పించడంకన్నా క్రేనును ఒప్పించడం తేలిక. అమ్మ వడ్డించింది. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కూరలో ఉప్పు ఒక పలుకు తగ్గింది" అన్నాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"వంక పెడితే సంతోషమేంటమ్మా నీకు?"

"మీ నాన్న వంక పెట్టాడంటే కూర అద్భుతంగా కుదిరిందని. నిజంగా పాడైననాడు నోరెత్తకుండా తిని చెయ్యి కడుక్కుంటాడు. నిన్న చూడలేదూ, మాడిపోతే ఒక్క మాటన్నాడా?"

నిన్న నిజంగానే ఒక్క మాట అనలేదు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నాన్నా," అన్నాను, "నిద్రమొహం గోడ నువ్వెందుకు కూల్చలేదు? అది వంకరని నాకే తెలుస్తోంది."

"వాడి గోడా? దాన్ని కూల్చి ఏం లాభం? మళ్ళీ కట్టినా అలాగే కడతాడు. ప్లాస్టరింగులో నేనే సర్దేశాను."

"పొడుగోడిది?"

నాన్న తినడం ఆపాడు. "బంగారంలాంటి గోడ. మూల దగ్గర ఒక్క వరస కాస్త పైకి తేలింది. వాడి చేతికి ఆ తప్పు ఉండకూడదు. ఇంకోడైతే వదిలేసేవాణ్ణి."

"చీమది?"

"ఆ పిల్లది నేను ఆ వయసులో కట్టినదానికన్నా బాగుంది. కిటికీ పక్కన కాస్త బయటికొచ్చింది, అంతే. అది సరిచేసుకుంటే ఇంక దానికి నేర్పేదేం లేదు."

"ఈ మాట వాళ్ళతో అన్నావా?"

నాన్న నావైపు విచిత్రంగా చూశాడు. "గోడ కూల్చానుగా. ఇంకెలా చెప్తారు?"

అమ్మ గరిటె పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అసలు సంగతి చెప్పింది.

"మీ నాన్న మొదటి గోడ పెద్దమేస్త్రి కూల్చినరోజు మీ నాయనమ్మ వీధంతా తిరిగి చెప్పుకుందే. మావాడి గోడ కూల్చారంట, మావాడి గోడ కూల్చారంట అని. ఆ వార్త మా ఇంటిదాకా వచ్చింది. గోడ కూలినవాడంటే చేతిలో పనున్నవాడని మా నాన్న నన్నిచ్చాడు. గోడ కూలనివాడిది ఇంకో సంబంధం వస్తే వద్దన్నాడు."

"ఆ రోజు నేను ఇంటికి నడిచి రాలేదు," అన్నాడు నాన్న. "గాల్లో వచ్చాను."

"అప్పుడు వీధి మొత్తానికి దాని అర్థం తెలుసు నాన్నా. ఇప్పుడు నీకొక్కడికే తెలుసు. గోడ కూలినవాళ్ళంతా పని రాదనుకుని వెళ్ళిపోయారు. కూలని నిద్రమొహం తానే మొనగాడినని హాయిగా పడుకున్నాడు. మనం ఏరి ఏరి మంచివాళ్ళను పంపించేశాం."

ఆయన కంచం పక్కకు జరిపాడు. "పొడుగోడు కూడా అలాగే అనుకున్నాడా?" అన్నాడు. నేను తలూపాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి, దొడ్డివైపు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మరుసటి సాయంత్రం నాన్నను చీమ ఇంటికి తీసుకెళ్ళాను. ఒక మేడ వెనకాల, బయటి మెట్ల మీదుగా ఎక్కితే ఒకే గది. దారిపొడుగునా ఆయన పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఏమిటని అడిగితే, "మాట పేర్చుకుంటున్నా. కదిలించకు, పడిపోతుంది" అన్నాడు.

తలుపు చీమ వాళ్ళ అమ్మమ్మ తీసింది. చీమ గోడకానుకుని బట్టలు మడతపెడుతోంది. మమ్మల్ని చూసి లేచిందిగానీ పలకరించలేదు. నాన్న తుండు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. పేర్చుకున్న మాట ఎంతకీ రాలేదు.

"మీ మెట్లున్నాయే," అన్నాడు చివరికి, "పైనుంచి రెండో మెట్టు ఎత్తు తప్పు. పెద్దావిడ జాగ్రత్త."

"అది చెప్పడానికొచ్చారా మేస్త్రీ?" అంది చీమ.

"కాదు. నీ గోడ..."

"పడిపోయింది కదా."

"పడలేదు. పడేశాను."

"తేడా తెలిసింది."

నాన్న నావైపు చూశాడు. నేను చెప్పదలుచుకోలేదు. ఆయనే చెప్పాలి. అమ్మమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ గ్లాసుతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"బాగాలేని గోడ నేను కూల్చను. దాని మీద ప్లాస్టరింగు పూసి మర్చిపోతాను. మర్చిపోలేని గోడే కూలుస్తాను. మా మేస్త్రి నాదీ కూల్చాడు. నీది నాదానికన్నా బాగుంది. ఇది నోటితో చెప్పాలని నాకు తెలీదమ్మా. పని చేతికి వచ్చింది, నోటికి రాలేదు."

చీమ చేతిలో చొక్కా సగం మడతలో ఉంది.

"బాగుందని పడేస్తారా ఎక్కడన్నా?" అంది. "రేపు నేను మీకు బాగా నచ్చితే మెట్ల మీంచి తోస్తారేమో."

అమ్మమ్మ ముందు నవ్వింది. తర్వాత నేను. నాన్న మీసాలు కూడా కదిలాయి.

"వస్తాను మేస్త్రీ. ఒక షరతు. ముందు నోరు, తర్వాత చెయ్యి. ఏది ఎందుకు బాగుందో, ఏది ఎక్కడ తప్పో ముందు చెప్పాలి. ఆ తర్వాత కూల్చుకోండి, నేనే అందిస్తాను. నాకొక్కదానికే కాదు, అందరికీ."

"ముందు నోరు, తర్వాత చెయ్యి," అని నాన్న అప్పజెప్పుకున్నాడు. దిగేటప్పుడు రెండో మెట్టు దగ్గర ఆగి, ఆదివారం మాలు తెచ్చి సరిచేస్తానని అమ్మమ్మతో చెప్పాడు. ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

చీమ తిరిగొచ్చి గోడ మళ్ళీ కట్టింది. అన్నాదమ్ములకు నాన్నే ఫోన్ చేశాడు. ఫోన్లో గట్టిగా అరిస్తేనే వినబడుతుందని ఆయన నమ్మకం. "నీ గోడ బాగుందిరా, అందుకే కూల్చాను" అని సారువ మీదినుంచి అరుస్తుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. పెద్దవాడు వచ్చాడు. చిన్నవాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. నిద్రమొహం నా దగ్గరికొచ్చి, "అంటే నా గోడ కూల్చనిది..." అని ఆగిపోయాడు. నేను తల దించుకున్నాను. ఆ మధ్యాహ్నం వాడు కునుకు తీయలేదు. వారం తిరక్కుండానే తన గోడ కూల్చమని నాన్న వెంటపడ్డాడు. "ఇంకా ఆ స్థాయికి రాలేదురా" అన్నాడు నాన్న. ఎందుకు రాలేదో కూడా కూర్చోబెట్టి చెప్పాడు. వాడు శ్రద్ధగా విన్నాడు.

బడి కట్టడం చివరికొచ్చాక మెట్ల మలుపు దగ్గర గోడ నాన్న కట్టాడు. కష్టమైన చోట్లు ఎప్పుడూ ఆయనవే. కట్టి దిగాక చీమ తూకం గుండు వదిలింది. దారం పైన గోడకు తగులుతోంది, కింద వేలు దూరేంత ఎడం ఉంది. నాన్న కళ్ళకు కొంతకాలంగా మసక వస్తోందని ఇంట్లో మాకు తెలుసు. ముఠాకు తెలీదు. అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన గోడకు ఎవరూ గుండు పట్టింది లేదు.

చీమ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మేస్త్రీ, ముందు నోరు. మూల కట్టడం ఇంత నున్నగా నాకు ఇంకో పదేళ్ళకైనా రాదు. నాలుగో వరసనుంచి బయటికి వాలింది. మీ చేతికి ఆ తప్పు ఉండకూడదు."

నాన్న గుండును చూశాడు, దారాన్ని చూశాడు, చీమను చూశాడు. "ఇంకోడిదైతే వదిలేసేదానివా?" అని అడిగాడు.

"ప్లాస్టరింగు పూసి మర్చిపోయేదాన్ని."

ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె రెండు చేతులూ ఆనించి నెట్టింది. ఇటుకలు రాలాయి. దుమ్ము అణిగాక వడ్రంగి మామయ్య, "ఏం బావా, ఎలా ఉంది?" అన్నాడు భయంభయంగా.

"చీమ కుట్టినట్టయినా లేదందామంటే," అన్నాడు నాన్న, "చీమే కుట్టింది."

ఆ ఇటుకలు ఇద్దరూ కలిసి కడుక్కున్నారు. ఆయన మాలు అందించాడు, ఆమె కట్టింది. వరస వరసకూ ఏది ఎందుకో ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆ గోడ చూడ్డానికి కాంట్రాక్టరు గారు వచ్చారు. క్రేను ఊసు ఎత్తలేదు. తర్వాతి బిల్డింగుకు ఇటుకల బట్టీవాడితో మాట్లాడమని నాకు చెప్పి వెళ్ళారు.

ఇంటికొచ్చి నాన్న అమ్మను వంటింట్లోనే నిలబెట్టి చెప్పాడు, "ఇవాళ నా గోడ కూల్చారే" అని. మొదటిసారి వీధంతా చెప్పిన తల్లి ఇప్పుడు లేదు కాబట్టి, ఆ పని అమ్మ చేసింది. భోజనం దగ్గర ఆయన ఒక ముద్ద తిని, "కూర బాగుంది" అన్నాడు. అమ్మ కంగారుగా ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

పొడుగోడు మాత్రం ఇంకా దొరకలేదు. వాడున్న గదికి వెళ్ళాను, ఖాళీ చేశాడు. బండి మీద సామాన్లు ఇళ్ళకు అందించే పనిలో చేరాడని ఎవరో చెప్పారు. అలాగైతే ఏదో ఒకరోజు మీ ఇంటికీ రావచ్చు. గుమ్మంలో తల వంచి నిలబడతాడు. మీరు తలుపు తీసేలోపు మీ గోడ అంచును బొటనవేలితో పైనుంచి కిందికి తడిమి చూస్తుంటాడు. అలాంటివాడు కనిపిస్తే గుర్తుపట్టండి, దయచేసి మర్చిపోకండి. పొట్లం తీసుకుని తలుపు వేసేయకుండా ఒక్క మాట చెప్పండి. వాడి గోడ బంగారంలాంటిది, మూల దగ్గర ఒక్క వరస తేలింది, అందుకే కూల్చారు. మేస్త్రి వాడి తాపీ కడిగి సామాన్ల గదిలో వాడి చోటులోనే ఉంచాడు.